పడమటి నేలే కలిపింది, పడమటి నేలే చీల్చింది

1776 జులైలో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న అమెరికా రాష్ట్రాలకు 1781 మార్చి వరకు ఉమ్మడి రాజ్యాంగమంటూ ఏదీ అమల్లోకి రాలేదు. ఒకపక్క బ్రిటన్‌తో యుద్ధం నడుస్తోంది, సైనికులకు జీతాలు అందడం లేదు. అయినా 13 రాష్ట్రాలను ఒక కట్టులోకి తెచ్చే సమాఖ్య ఒడంబడిక కాగితం మీదే ఉండిపోయింది. 12 రాష్ట్రాలు 1779 నాటికే దాన్ని ఆమోదించాయి. మేరీలాండ్ ఒక్కటి ససేమిరా అంది. దాని పేచీ భూమి గురించి. అపలాచియన్ పర్వతాలకు అవతల ఉన్న విశాలమైన నేల తనదేనని వర్జీనియా పాత రాజపత్రాలు చూపిస్తోంది. మరికొన్ని రాష్ట్రాల దగ్గరా అలాంటి పత్రాలే ఉన్నాయి. మేరీలాండ్‌కు పడమట అంగుళం కూడా లేదు. అందరూ కలిసి పోరాడి గెలుచుకునే నేల కొందరి సొంతం ఎలా అవుతుందని అది నిలదీసింది. ముందు న్యూయార్క్, ఆ తర్వాత వర్జీనియా తమ హక్కులను కేంద్రానికి వదులుకోవడానికి ఒప్పుకున్నాకే మేరీలాండ్ సంతకం పెట్టింది.

అమెరికా చరిత్ర చెప్పేవాళ్లు ఈ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. దేశం ముందు ఏర్పడిందని, బలం పుంజుకున్నాక పడమటికి విస్తరించిందని మనకు అలవాటైన కథనం. నిజానికి పడమటి నేలను ఏం చేయాలన్న ప్రశ్నే ఆ 13 రాష్ట్రాలను ఒకచోట కూర్చోబెట్టింది. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములను కలిపి ఉంచేదీ పంచుకోని ఆస్తే, చివరికి కోర్టుకెక్కించేదీ ఆ ఆస్తే. అమెరికాకు పడమర అలాంటి ఆస్తి. ఆ తర్వాత దాదాపు 80 ఏళ్లపాటు ఆ దేశం తన లోపలి తగవు తేల్చుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ కొత్త నేలతో సర్దుబాటు చేసుకుంది. అలా కలిసిన ప్రతి కొత్త నేలా ఆ తగవును మరింత పెద్దది చేసింది.

ఉమ్మడి ఆస్తి చేతికి రాగానే కేంద్రం చేసిన మొదటి పని కొలత. 1785 నాటి భూ చట్టం పడమటి నేలను ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న చతురస్రాలుగా కొలిచి గీయమంది. ఒక్కో చతురస్రంలో 36 భాగాలు, ఒక్కో భాగం 640 ఎకరాలు. అందులో 16వ భాగం బడి ఖర్చులకు. ఈ గీతలు ఇవాళ విమానం కిటికీలోంచి చూసినా కనిపిస్తాయి. ఒహాయో నుంచి పడమటికి వెళ్లేకొద్దీ పొలాలు, రోడ్లు, కౌంటీలు గళ్లు గీసినట్టే ఉంటాయి.

రెండేళ్ల తర్వాత, 1787 జులై 13న వచ్చిన వాయవ్య ప్రాంత శాసనం అంతకంటే చాలా పెద్ద పని చేసింది. ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న నేలను ఎలా పాలించాలో అది తేల్చింది. ముందు కేంద్రం నియమించిన గవర్నరు. వయసొచ్చిన స్వేచ్ఛా పురుషుల సంఖ్య 5,000 చేరగానే స్థానిక శాసనసభ. స్వేచ్ఛా జనాభా 60,000 దాటితే పూర్తి రాష్ట్రం. అలా వచ్చే రాష్ట్రం అన్ని విధాలా మొదటి 13 రాష్ట్రాలతో సమానం. ఆ శాసనం కింద ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్, మిచిగన్, విస్కాన్సిన్ రాష్ట్రాలయ్యాయి.

ఈ సమానత అనే మాట దగ్గర కాస్త ఆగాలి. ఆనాటి ప్రపంచంలో కొత్తగా గెలుచుకున్న నేలంటే వలస. దాని పని కప్పం కట్టడం, ముడిసరుకు పంపడం, రాజధాని చెప్పినట్టు వినడం. బ్రిటన్ అమెరికాను చూసింది అలాగే, అమెరికా తిరగబడిందీ అందుకే. తిరుగుబాటులో గెలిచినవాళ్లు తాము కూడా అలాంటి రాజధాని కాకూడదని ముందుగానే చట్టం రాసుకున్నారు. కొత్తగా వచ్చే రాష్ట్రం తమ ఆధిపత్యాన్ని తగ్గిస్తుందని తెలిసి కూడా దానికి సెనేట్‌లో తమతో పాటు రెండు కుర్చీలు వేశారు. రాజకీయ చరిత్రలో ఇంత దూరదృష్టి అరుదు. అమెరికా అంత విశాలంగా పెరిగి కూడా ఒక్కటిగా నిలబడిందంటే అందులో సింహభాగం ఈ ఒక్క నిబంధనదే.

మన తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక తేడా వెంటనే తోస్తుంది. మనకు రాష్ట్రం అంటే భాష, చరిత్ర, ఉద్యమం. 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు మనుషులూ వాళ్ల ఆకాంక్షలూ ముందున్నాయి, గీతలు వెనుక వచ్చాయి. అమెరికా పడమటి రాష్ట్రాల్లో చాలావాటికి గీతలే ముందు వచ్చాయి. అలా గీయగలిగారంటే అక్కడ ఎవరూ లేరనుకోవాలి. కానీ అక్కడ మనుషులున్నారు. షానీ, మయామీ, డెలావేర్ జాతులు ఒహాయో లోయలో ఊళ్లు కట్టుకుని, మొక్కజొన్న పండించుకుంటూ బతుకుతున్నాయి. 1787 శాసనమే ఆదివాసుల భూమిని వారి సమ్మతి లేకుండా ఎన్నడూ తీసుకోబోమని మాట ఇచ్చింది. భూమికిచ్చిన మాట నిలబడింది. మనుషులకిచ్చిన మాట గాలికి పోయింది.

ఒక్క ఓటు

ఆ శాసనం ఒహాయో నదికి ఉత్తరాన బానిసత్వాన్ని నిషేధించింది. అంతకు మూడేళ్ల ముందు, 1784లో, థామస్ జెఫర్సన్ ఇంకా పెద్ద ప్రతిపాదన తెచ్చాడు. 1800 తర్వాత ఉత్తరమూ దక్షిణమూ అన్న తేడా లేకుండా పడమటి నేల మొత్తంలో బానిసత్వం ఉండకూడదన్నది దాని సారాంశం. అది ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. న్యూజెర్సీ ప్రతినిధి ఒకరు జబ్బు చేసి సభకు రాలేకపోయారు. పుట్టబోయే లక్షల మంది తలరాత ఒక్క మనిషి నాలుక మీద వేలాడిందని, ఆ క్షణంలో దైవం మౌనం వహించిందని జెఫర్సన్ తర్వాత రాసుకున్నాడు. ఆ మాటలు రాసినవాడు జీవితాంతం వందలాది బానిసల యజమాని. అలబామా, మిసిసిపి నేలలు పత్తికి కాక వేరే పంటకు, బానిసకు కాక వేరే మనిషికి దక్కే అవకాశం ఆ రోజు చేజారింది.

ఒహాయో నదికి అటూ ఇటూ రెండు భిన్నమైన సమాజాలు పెరగడం అక్కడి నుంచే మొదలైంది. అయితే అప్పటికి పాలకులను భయపెట్టింది ఇది కాదు. పర్వతాలు దాటి వెళ్లిన జనం మనతో ఉంటారా అన్నది వాళ్ల భయం. కెంటకీ, టెనెస్సీ రైతు తన ధాన్యాన్ని కొండలెక్కించి తూర్పు తీరానికి తేలేడు. మిసిసిపి నదిలో పడవ వేసి న్యూ ఆర్లీన్స్‌కు పంపాల్సిందే. ఆ రేవు స్పెయిన్ చేతిలో ఉంది. 1784లో స్పెయిన్ నదిని మూసేసింది. ఆ జనం తక్కెడ ముల్లు మీద నిలబడ్డట్టు ఉన్నారని, ఈక తగిలినా ఎటైనా ఒరుగుతారని జార్జి వాషింగ్టన్ ఆ ఏడాదే హెచ్చరించాడు. నిజంగానే పడమటి నాయకుల్లో కొందరు స్పెయిన్‌తో రహస్య మంతనాలు జరిపారు. అలా పడమరను నిలుపుకోవాలంటే న్యూ ఆర్లీన్స్ కావాల్సి వచ్చింది.

1803లో అధ్యక్షుడిగా జెఫర్సన్ కొనబోయింది ఆ ఒక్క రేవు పట్టణాన్ని, దాని పక్కనున్న తీరాన్ని. అప్పటికే ఆ ప్రాంతాన్ని స్పెయిన్ నుంచి తీసుకున్న ఫ్రాన్స్ పాలకుడు నెపోలియన్ మాత్రం లూసియానా మొత్తం తీసుకోమన్నాడు. 8,28,000 చదరపు మైళ్లు, కోటిన్నర డాలర్లు. లెక్క వేస్తే ఎకరానికి మూడు సెంట్లలోపే. రాతకోతలతో దేశ విస్తీర్ణం రెట్టింపు అయింది. నెపోలియన్ ఎందుకు అమ్మాడన్నదానికి సమాధానం కరీబియన్‌లో ఉంది. ఫ్రాన్స్ వలస అయిన సాన్ దొమాంగ్‌లో (నేటి హైతీ) 1791లో తిరగబడ్డ బానిసలు, వారికి తోడైన పచ్చజ్వరం కలిసి అతని సైన్యాన్ని తుడిచిపెట్టాయి. చక్కెర దీవి పోయాక దానికి తిండిగింజలు పంపాల్సిన లూసియానాతో ఫ్రాన్స్‌కు పనిలేకుండా పోయింది. అంటే అమెరికాకు సగం ఖండాన్ని సంపాదించి పెట్టింది హైతీ నల్లజాతి తిరుగుబాటుదారులు. 1804లో స్వతంత్రమైన హైతీని అమెరికా గుర్తించింది 1862లో. ఈ రెండు తేదీల మధ్య ఉన్న 58 ఏళ్లు ఆ దేశపు అంతరంగాన్ని ఎన్నో గ్రంథాల కంటే స్పష్టంగా చెబుతాయి.

భూమి కొనే అధికారం రాజ్యాంగం తనకు ఇచ్చిందా అని జెఫర్సన్ మథనపడ్డాడు. రాజ్యాంగ సవరణ ముసాయిదా కూడా రాసి పక్కన పెట్టాడు. ఇక ఆ నేలతో పాటు వచ్చిన జనం ఫ్రెంచి మాట్లాడే కాథలిక్కులు. వారికి పౌరుల హక్కులన్నీ ఇస్తామని ఒప్పందంలోనే రాసిచ్చారు. అయినా స్వపరిపాలన ఆలస్యమైంది, వాళ్లు కాంగ్రెస్‌కు మొరపెట్టుకున్నారు, 1812కు గానీ రాష్ట్రం రాలేదు. అది కూడదని 1811లో మసాచుసెట్స్ ప్రతినిధి జోసయా క్విన్సీ సభలోనే అన్నాడు. లూసియానాను చేర్చుకుంటే ఈ కూటమి బంధాలు తెగిపోయినట్టేనని, వీలైతే సామరస్యంగా, తప్పకపోతే బలప్రయోగంతో విడిపోవాల్సి వస్తుందని హెచ్చరించాడు. విడిపోతామన్న మాట ముందుగా దక్షిణాది నోట పుట్టలేదు. భూమి పెరిగితే తమ మాటకు విలువ తరుగుతుందన్న భయం మొదట ఉత్తరాదిదే.

ఆ భయం దిక్కు మారడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 1819లో మిసోరీ రాష్ట్రం కావాలంది. అప్పటికి బానిసత్వం ఉన్నవి 11, లేనివి 11. కొత్త రాష్ట్రం ఎటు చేరితే సెనేట్ అటు మొగ్గుతుంది. మిసోరీని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకుని, లూసియానా నేలలో మిగిలిన భాగాన్ని 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం దగ్గర గీత గీసి పంచుకున్నారు. అర్ధరాత్రి అగ్నిప్రమాద ఘంటలా ఈ వివాదం తనను ఉలిక్కిపడేలా చేసిందని వృద్ధుడైన జెఫర్సన్ 1820 ఏప్రిల్‌లో ఒక లేఖలో రాశాడు. ఇది తీర్పు కాదు, వాయిదా మాత్రమే అని కూడా అన్నాడు. ఆయన అంచనా తప్పలేదు.

చెరోకీలు చేసిన నేరం

విస్తరణ జాతీయ గుర్తింపును ఎలా మలిచిందో తెలుసుకోవాలంటే చెరోకీల కథ కంటే సూటి ఉదాహరణ నాకు కనిపించదు. ఆదివాసులు నాగరికులైతే మనలో కలుపుకుంటామన్నది తొలితరం అమెరికా నాయకుల మాట. చెరోకీలు ఆ మాటను నమ్మారు. సెక్వోయా అనే చెరోకీ 1821 నాటికి తమ భాషకు లిపి తయారుచేశాడు. అది అక్షరాలు విడివిడిగా కాక ఒక్కో గుర్తుకు ఒక్కో పలుకు వచ్చే లిపి. కొద్ది ఏళ్లలోనే ఆ జాతిలో అక్షరాస్యత వేగంగా పెరిగింది. 1827లో సొంత రాజ్యాంగం రాసుకున్నారు. 1828లో చెరోకీ, ఇంగ్లిషు భాషల్లో పత్రిక మొదలుపెట్టారు. పొలాలు దున్నారు, బడులు కట్టారు. తెల్లవారిని చూసి బానిసలను కూడా కొన్నారు.

ఇన్ని చేశాక వారి భూమి జార్జియాకు కావలసి వచ్చింది. 1830లో ఆండ్రూ జాక్సన్ ప్రభుత్వం ఆదివాసుల తరలింపు చట్టం తెచ్చింది. చెరోకీలు ఆయుధం పట్టకుండా సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1832లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ చెరోకీ నేల మీద జార్జియా చట్టం చెల్లదని తీర్పిచ్చాడు. తీర్పు అమలు కాలేదు. జాతి ప్రభుత్వానికి ప్రాతినిధ్యం లేని ఒక చిన్న వర్గంతో 1835లో ఒప్పందం రాయించుకుని, 1838లో సైన్యాన్ని దింపారు. సుమారు 16,000 మందిని ఇళ్ల నుంచి లాగి, శిబిరాల్లో పెట్టి, నేటి ఒక్లహామా వరకు నడిపించారు. దాదాపు 4,000 మంది ఆ శిబిరాల్లోనూ దారిలోనూ చనిపోయారని అంచనా.

చదువు, చట్టం, రాజ్యాంగం, పత్రిక, వ్యవసాయం. ఒక జాతిని తమతో సమానంగా చూడటానికి అమెరికన్లు పెట్టిన షరతులన్నీ వాళ్లు నెరవేర్చారు. చివరికి తేలిందేమిటంటే షరతు ఎన్నడూ అది కాదు. అమెరికన్ అంటే ఎవరన్న ప్రశ్నకు ఆ దశాబ్దంలో రక్తం రంగుతో జవాబు రాశారు. తెల్లజాతి పేద రైతుకు ఓటు హక్కు విస్తరించిన కాలమూ ఇదేనని గుర్తుంచుకోవాలి. ఆ ప్రజాస్వామ్యమూ ఈ వెళ్లగొట్టడమూ ఒకే ఉద్యమంలోని రెండు భాగాలు. ఓటు పొందిన రైతు ముందుగా అడిగింది చెరోకీ, చోక్టా, క్రీక్ జాతుల నేలనే.

ఖాళీ చేసిన ఆ నేలలో పత్తి విత్తారు. విత్తడానికి మనుషులు కావాలి. 1790 నుంచి 1860 వరకు వర్జీనియా, మేరీలాండ్ వంటి పాత రాష్ట్రాల నుంచి లోతట్టు దక్షిణాదికి దాదాపు పది లక్షల మంది బానిసలను తరలించారు, అందులో చాలామందిని అమ్మేసి. తల్లులను పిల్లల నుంచి వేరుచేసిన ఆ వలస గురించి మాట్లాడకుండా పడమటి విస్తరణ గురించి మాట్లాడటం అన్యాయం.

మెక్సికో నేల

ఇవాళ తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డల్లాస్ శివార్లు, శాన్ ఫ్రాన్సిస్కో బే ప్రాంతం రెండూ ఒకప్పుడు మెక్సికోవి. 1829లో మెక్సికో బానిసత్వాన్ని రద్దు చేసింది. టెక్సాస్‌కు వలస వచ్చిన అమెరికన్లకు అది మింగుడుపడలేదు. 1836లో వాళ్లు మెక్సికో నుంచి విడిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 1845లో టెక్సాస్ అమెరికాలో కలిసింది. ఖండమంతటా వ్యాపించడం తమకు విధి రాసిపెట్టిన హక్కు అని పాత్రికేయుడు జాన్ ఓసలివన్ రాసిందీ ఆ ఏడాదే. మరుసటి ఏడాది మెక్సికోతో యుద్ధం. 1848 ఫిబ్రవరి 2న గ్వాడలుపే హిడాల్గో ఒప్పందంతో కాలిఫోర్నియా, నెవాడా, యూటాలతో పాటు అరిజోనా, న్యూమెక్సికోల్లో అధిక భాగం అమెరికా చేతికి వచ్చాయి. టెక్సాస్‌ను కూడా కలిపితే మెక్సికో తన నేలలో సగానికి పైగా పోగొట్టుకుంది.

అప్పట్లో మెక్సికో మొత్తాన్నీ కలుపుకుందామన్న వాదన కూడా బలంగా ఉండేది. దాన్ని అడ్డుకున్నవారిలో ముఖ్యుడు దక్షిణ కరోలినా సెనేటర్ జాన్ కాల్హౌన్, బానిసత్వానికి అతిపెద్ద సమర్థకుడు. 1848 జనవరిలో ఆయన సెనేట్‌లో చెప్పిన కారణం సూటిగా ఉంది. మనది తెల్లజాతి ప్రభుత్వం, మెక్సికన్లను సమాన పౌరులుగా కలుపుకోలేం అన్నాడు. అంతిమంగా గీసిన సరిహద్దు కూడా ఈ ఆలోచనకు సరిపోయింది. భూమి ఎక్కువ, జనం తక్కువ ఉన్న ఉత్తర భాగాన్ని తీసుకుని, జనం నిండుగా ఉన్న దక్షిణాన్ని వదిలేశారు. 1787 నాటి సమానత నిబంధన ఇక్కడ విచిత్రంగా ఎదురు తిరిగింది. కలుపుకున్నవారిని సమానులుగా చూడాల్సి వస్తుంది కాబట్టి, సమానులుగా చూడదలచుకోని వారిని కలుపుకోకూడదన్న తర్కం పుట్టింది.

యుద్ధం ఇంకా మొదటి నెలల్లో ఉండగానే, 1846 ఆగస్టులో, పెన్సిల్వేనియా ప్రతినిధి డేవిడ్ విల్మట్ ఒక సవరణ తెచ్చాడు. మెక్సికో నుంచి వచ్చే ఏ నేలలోనూ బానిసత్వం ఉండరాదన్నది అందులోని మాట. ప్రతినిధుల సభలో నెగ్గింది, సెనేట్‌లో ఆగింది. అయితే ఆ ఓటింగు జరిగిన తీరులోనే ఉంది ప్రమాదమంతా. సభ్యులు పార్టీల వారీగా కాక ఉత్తరం, దక్షిణం అని చీలి ఓటేశారు. అప్పటిదాకా రెండు ప్రాంతాలను కలిపి కుట్టిన దారం జాతీయ పార్టీలే. ఆ దారం తెగడం మొదలైంది. దక్షిణాది తిరుగుబాటు చాలావరకు మెక్సికో యుద్ధం నుంచి పుట్టిందేనని, దేశాలు కూడా మనుషుల్లాగే తమ పాపాలకు శిక్ష అనుభవిస్తాయని ఆ యుద్ధంలో పోరాడిన యులిసిస్ గ్రాంట్ చివరి రోజుల్లో రాసుకున్నాడు. ఆయన మాటను నేను అక్షరాలా నమ్ముతాను.

ఆ తర్వాత జరిగినవన్నీ దొర్లుకుంటూ వచ్చినవే. 1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికింది, 1850లో అది రాష్ట్రమైంది, దానికి బదులుగా పారిపోయిన బానిసలను పట్టించే కఠిన చట్టం వచ్చింది. షికాగో నుంచి పసిఫిక్‌కు రైలు వేయాలంటే మధ్యలో నెబ్రాస్కా ప్రాంతానికి పాలనా వ్యవస్థ కావాలి. అందుకు దక్షిణాది ఓట్లు కావాలి. ఆ ఓట్ల కోసం ఇల్లినాయ్ సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ 1854లో పాత మిసోరీ గీతను చెరిపేశాడు. బానిసత్వం కావాలో వద్దో అక్కడి జనమే తేల్చుకుంటారన్నాడు. కాన్సస్‌లో జనం తుపాకులతో తేల్చుకోవడం మొదలుపెట్టారు. 1857లో, స్వేచ్ఛ కోరుతూ కోర్టుకెక్కిన బానిస డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు అసలు ఏ కొత్త నేలలోనూ బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదంది. ఇక రాజీకి చోటే మిగల్లేదు.

1860-61 చలికాలంలో అబ్రహాం లింకన్ తీసుకున్న నిర్ణయానికి దక్కాల్సినంత ప్రాముఖ్యం దక్కలేదనిపిస్తుంది. ఆయన ఎన్నికయ్యాడు గానీ ఇంకా పదవి చేపట్టలేదు. దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి. కెంటకీ సెనేటర్ క్రిటెండెన్ ఒక రాజీ తెచ్చాడు. పాత 36 డిగ్రీల 30 నిమిషాల గీతను పసిఫిక్ వరకు పొడిగిద్దాం, ఇకమీదట సంపాదించబోయే నేలలకు కూడా వర్తింపజేద్దాం అని. యుద్ధం తప్పుతుందని చాలామంది ఆశపడ్డారు. అప్పటికే దక్షిణాదిలో బానిసత్వం జోలికి పోనని మాట ఇచ్చిన లింకన్, దాన్ని కొత్త నేలలకు విస్తరించే విషయంలో మాత్రం ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. దీనికి ఒప్పుకుంటే ఏడాది తిరక్కుండానే, తమతో కలిసి ఉండాలంటే క్యూబాను ఆక్రమించి తీరాలని షరతు పెడతారని ఒక లేఖలో రాశాడు. కొత్త నేలతో ఐక్యతను కొనుక్కునే బేరాన్ని కాదన్న మొదటి నాయకుడు ఆయన. ఆ కాదనడానికి ఖరీదు నాలుగేళ్ల అంతర్యుద్ధం, సుమారు 6,20,000 మంది సైనికుల ప్రాణాలు. అయినా ఆయన చేసింది సరైన పనే. ఇంకో వాయిదా వేసుకుని ఉంటే క్యూబా, మధ్య అమెరికా దాకా బానిసల సామ్రాజ్యం పరుచుకుని ఉండేది.

దక్షిణాది సభ్యులు ఖాళీ చేసిన కాంగ్రెస్ 1862లో మూడు చట్టాలు చేసింది. అయిదేళ్లు సాగుచేస్తే 160 ఎకరాలు ఉచితంగా ఇచ్చే హోమ్‌స్టెడ్ చట్టం ఒకటి. పసిఫిక్ రైలుకు భూములిచ్చే చట్టం మరొకటి. మూడోది మోరిల్ చట్టం. వ్యవసాయ, సాంకేతిక కళాశాలల కోసం రాష్ట్రాలకు కేంద్రం భూమి ఇచ్చింది. అమ్మగా వచ్చిన డబ్బుతో విద్యాసంస్థలు వెలిశాయి. పర్డ్యూ, ఒహాయో స్టేట్, ఇల్లినాయ్, టెక్సాస్ ఏ అండ్ ఎం వంటి విశ్వవిద్యాలయాలు ఆ చట్టం సంతానమే. మన పిల్లలు ఎందరో అక్కడ చదివి జీవితాలు దిద్దుకున్నారు. ఆ చట్టం కింద పంచిన కోటికి పైగా ఎకరాలు అంతకుముందు ఆదివాసుల చేతిలో ఉన్నవి. జాతిని నిర్మించిన పనీ జాతులను తుడిచిన పనీ ఇలా ఒకే పట్టాలో రాసి ఉంటాయి. మొదటిదాన్ని మెచ్చుకోవడానికి రెండోదాన్ని దాచాల్సిన అవసరం లేదు.

1893లో షికాగోలో ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ అనే యువ చరిత్రకారుడు అమెరికన్ స్వభావాన్ని, ప్రజాస్వామ్యాన్ని మలిచింది పడమటి సరిహద్దు జీవితమేనని సిద్ధాంతీకరించాడు. ఖాళీ నేల మనిషిని స్వతంత్రుణ్ణి చేసిందన్నాడు. ఆ సిద్ధాంతం ఇప్పటికీ అమెరికన్ల ఆత్మగౌరవానికి పునాది. అందులో కొంత నిజముంది. కాస్త భూమి దొరికిన పేదవాడు ఎవరికీ తల వంచడు. కానీ టర్నర్ ఆ మాట అనడానికి మూడేళ్లలోపే, 1890 డిసెంబరు 29న, వూండెడ్ నీ దగ్గర లకోటా ఆదివాసీ స్త్రీలను, పిల్లలను సైన్యం కాల్చి చంపింది. ఖాళీ నేల అన్న మాటలోనే ఆ హత్య దాగి ఉంది. పైగా వ్యక్తి ధైర్యం కంటే సైన్యం, రైల్వే రాయితీలు, కేంద్ర భూ కార్యాలయాలే పడమరను నిర్మించాయి. సొంత కాళ్ల మీద నిలబడ్డామని చెప్పుకునే ఆ ప్రాంతమే కేంద్రం చేయి పట్టుకుని నడిచింది.

సమానత ఎవరికి ఎంత తొందరగా దక్కిందో చూస్తే గుర్తింపు లెక్క బయటపడుతుంది. బంగారం కోసం పరుగెత్తిన జనంతో నిండిన కాలిఫోర్నియా రెండేళ్లలో రాష్ట్రమైంది. దానితో పాటే వచ్చి, స్పానిష్ మాట్లాడే కాథలిక్కులు ఎక్కువగా ఉన్న న్యూమెక్సికో 1912 వరకు వేచి ఉంది. ఆదివాసులందరికీ పౌరసత్వం 1924లో. మనవాళ్ల సంగతికి వస్తే, 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అనర్హులని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తలుపు 1946లో కొద్దిగా తెరుచుకుంది. 1965 వలస చట్టం తర్వాతే మన డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లగలిగారు.

1898లో స్పెయిన్‌తో యుద్ధం గెలిచి ప్యూర్టో రికో, గువామ్, ఫిలిప్పీన్స్ తీసుకున్నప్పుడు పాత సూత్రాన్ని ఎలా తప్పించుకోవాలన్న ప్రశ్న వచ్చింది. కాల్హౌన్‌ను వేధించిన చిక్కే ఇది. 1901లో సుప్రీంకోర్టు దారి చూపింది. ఆ దీవులు అమెరికాకు చెందుతాయి గానీ అమెరికాలో భాగం కావని, రాజ్యాంగం అక్కడ పూర్తిగా వర్తించదని తేల్చింది. 1787లో వద్దనుకున్న వలస నూటపద్నాలుగేళ్ల తర్వాత చట్టబద్ధమైంది. ఇవాళ ప్యూర్టో రికోలో దాదాపు 32 లక్షల మంది అమెరికా పౌరులున్నారు. దీవిలో నివసించినంత కాలం వారికి అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు, సెనేట్‌లో కుర్చీ లేదు. ప్రతినిధుల సభలో వారి తరఫున కూర్చునే ఒకే ఒక్కరికి తుది ఓటు లేదు.

2025 జనవరి 20న రెండోసారి ప్రమాణం చేస్తూ డొనాల్డ్ ట్రంప్, అమెరికా మళ్లీ తన భూభాగాన్ని విస్తరించుకునే దేశంగా ఎదుగుతుందన్నారు. ఓసలివన్ కాలంనాటి ‘విధి రాసిన హక్కు’ను అంగారక గ్రహం దాకా తీసుకెళ్తామన్నారు. వేరే సందర్భాల్లో గ్రీన్‌లాండ్ కావాలన్నారు, కెనడాను 51వ రాష్ట్రం అన్నారు. ఆ మాటలు విన్నప్పటి నుంచి నాకు మేరీలాండ్ అడిగిన ప్రశ్నే గుర్తుకొస్తోంది. గ్రీన్‌లాండ్ గురించిన చర్చలో ఖనిజాలున్నాయి, సముద్ర మార్గాలున్నాయి, రక్షణ స్థావరాలున్నాయి. అక్కడి సుమారు 57,000 మంది జనం, అందులో అత్యధికులైన ఇన్యూట్ ఆదివాసులు, ఒహాయో దారిలో వస్తారా, ప్యూర్టో రికో దారిలో వస్తారా అన్నది ఎవరూ చెప్పడం లేదు. అసలు వస్తామని వాళ్లు అనలేదు. సమ్మతి లేకుండా తీసుకోబోమని 1787లో రాసిన వాక్యాన్ని అమెరికా ఏనాడూ రద్దు చేసుకోలేదు. దాన్ని పాటించే మొదటి అవకాశం గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌లో ఎదురుచూస్తోంది.